బల్లమీది ఘాటుదారి

కతర్‌గామ్‌నకు ఉత్తరమున తాపీనది దాటినంతనే ఉత్రాణ్ అను స్టేషను గలదు. బొంబాయినుండి బరోడా వైపునకు పోవు వేగపుబండ్లు దానిని లక్ష్యపెట్టక సాగిపోవును. అయినను పశ్చిమ హిందూదేశపు రైలు చరిత్రయందు ఆ పేరునకు మంచి తావు కలదు. బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీవారు మొట్టమొదట తెరచిన దారి అంకలేశ్వరమునుండి ఈ ఉత్రాణ్ వరకే. ఆ దినము 1860 ఫిబ్రవరి 10. దూరము 29 మైళ్లు. ఆ సంవత్సరము ముగియకమునుపే దారి తాపీనది దాటి సూరతు చేరినది. 1864 నవంబరులో బొంబాయి నంటుకొన్నది.

ఈ వ్యాసము కొండరైళ్ల నమూనాలను గూర్చినది. బల్లమీద కొండ పేర్చి, లోయకు వంతెన వేసి, పట్టాలు పరచి, బెత్తెడు ఇంజనును నడపు విద్య యిది. కొండ యన్నది కంటికానని సూరతు మైదానమునుండి దీనిని ప్రారంభించుటకు కారణము లేకపోలేదు. ఉత్రాణ్ దారిని వేసిన కంపెనీ ఇంజనీరు కర్నల్ జాన్ పిట్ కెన్నెడీ. ఆయనకు కొండలతో పని పడలేదు గాని నదులతో పడినది. తాపీ, నర్మద, వీని నడుమ లెక్కలేని వాగులు. ప్రతినదికిని వేరువేరుగా రాతివంతెన కట్టుటకు మారుగా ఆయన ఒకే కొలత గల ఇనుపదూలములను, 60 అడుగులవి, ఇంగ్లండులో చేయించి, ఓడలలో తెప్పించి, నదీగర్భమున మరలవలె త్రిప్పి దింపిన ఇనుపస్తంభములపై వరుసగా అమర్చెను. ఏటి వెడల్పునుబట్టి దూలముల సంఖ్య మారునే గాని దూలము మారదు. పెట్టెలోని ముక్కలను తీసి బిగించి బొమ్మవంతెన కట్టు బాలుని పద్ధతికిని దీనికిని భేదము కొలతయందే. నర్మద మాత్రము ఆ ఏర్పాటును సహింపలేదు. వరదలు మాటిమాటికి స్తంభములను పెకలించుటచేత భరూచి యొద్ద వేరొక గట్టి వంతెన కట్టవలసివచ్చెను. 1881లో పూర్తియైన ఆ వంతెనయే జనులు బంగారు వంతెన యని పిలుచునది.

బొమ్మరైలు పుట్టుక రైలు పుట్టుకకు కొంచెము వెనుకటిదే. మొదట అవి పట్టాలు లేక నేలపై దొర్లు తగరపు బండ్లు. 1891లో జర్మనీదేశపు మార్క్లిన్ కంపెనీవారు లీప్జిగ్ సంతలో నిర్ణీతమైన గేజి కొలతలతో పట్టాలను, బండ్లను, పాయింట్లను ప్రదర్శించిరి. కొన్నది పారవేయక ఏటేట మరికొంత కలుపుకొని పోవచ్చునన్న మాట అప్పటినుండియే. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ యిచ్చు బండ్లను తెచ్చెను. గదినేల నంతయు ఆక్రమించు ఈ బండ్లు 1920లలోను 30లలోను తగ్గి బల్లపైకెక్కినవి. 16.5 మిల్లీమీటర్ల గేజి, అసలులో 87వ వంతు పరిమాణము గల హెచ్.ఓ. అను కొలత అట్లు స్థిరపడినది. మన దేశమున ఈ విద్యను చూడగోరువారు పుణె నగరమందు 1998లో తెరవబడిన జోషీగారి చిన్నరైళ్ల ప్రదర్శనశాలకు పోవచ్చును.

ఇది పరదేశీయుల వినోదమని తలచువారికి ఒక్కమాట. మన యిండ్లలో బొమ్మల కొలువు తీర్చునపుడు, కొన్ని సీమల దసరాకును కొన్ని సీమల సంక్రాంతికిని, మెట్లకు ప్రక్కన మట్టితో కొండ చేసి, ఆవాలో మెంతులో చల్లి పచ్చికను మొలపించి, పళ్లెములో నీరు పోసి చెరువనుట ఎవరెరుగరు? ఆ చెరువునకును కొండకును నడుమ రైలు లేని లోటొక్కటే. కొండపల్లి బొమ్మలు చేయువారు తేలికయైన పొనికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికింతురు. నేటి నమూనాకారులు దూరదేశములనుండి తెప్పించుకొను సామగ్రిలో దీనికి సాటియైనది తక్కువ.

అసలు కొండదారి యెట్లు పుట్టినదో తెలియక బల్లమీది కొండను కట్టుట, కథ తెలియక హరికథ చెప్పుట వంటిది. మనకు చేరువలోనున్న గొప్ప ఉదాహరణము భోర్‌ఘాటు. బొంబాయినుండి పుణెకు పోవు మార్గమున, కర్జత్‌కును లోనావళాకును నడుమ సహ్యాద్రి నెక్కు దారి యిది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ చీఫ్ ఇంజనీరు జేమ్స్ జాన్ బెర్క్‌లీ దీనిని రూపొందించెను. 1856 జనవరిలో పని ఆరంభమై 1863 ఏప్రిల్ 21న దారి తెరవబడినది. పొడవు ఇంచుమించు పదునారు మైళ్లు, ఎక్కు ఎత్తు 1,831 అడుగులు, సొరంగములు 25, లోయవంతెనలు 8. మిక్కిలి నిటారైనచోట 37 అడుగులకు ఒక అడుగు ఎక్కును. తిన్నగా పోవుటకు కొండ తావు ఈయకపోగా, నడుమ ఒకచోట బండిని ఆపి, ఇంజనును వెనుకకు తెచ్చి తగిలించి, ఎదురుదిశకు నడపు రివర్సింగు స్టేషను నేర్పరచిరి. విద్యుచ్ఛక్తి వచ్చిన పిదప, 1929లో, అది తీసివేయబడినది.

ఈ కట్టుబడి సుఖముగా సాగలేదు. మొదటి కంట్రాక్టరు ఫేవియెల్. కూలి సరిగా ముట్టక 1859 ఆరంభమున పనివారు తిరుగబడిరి. విచారణ జరిగినది. ఆయన పని వదలుకొనెను. తరువాత వచ్చిన సాలమన్ ట్రెడ్‌వెల్ ఈ దేశమున అడుగిడిన కొలదివారములకే రోగముతో మరణించెను. ఆయన భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ కంట్రాక్టును విడువక, ఇద్దరు ఇంజనీర్లను నియమించి, పని ముగింపించెను. బెర్క్‌లీ దారి తెరచుటను చూడలేదు, 1862లోనే ఇంగ్లండులో గతించెను. ఇన్ని పాట్లు పడి కట్టిన లోయవంతెనలలో ఒకటి 1867లో కూలిపోగా తిరిగి కట్టిరి.

ఇపుడీ భోర్‌ఘాటును హెచ్.ఓ. కొలతలో, అనగా 87వ వంతుగా, ఉన్నదున్నట్లు చేయదలచితిమనుకొందము. దారి పొడవు 290 మీటర్లగును. కొండ ఎత్తు ఆరున్నర మీటర్లు, రెండంతస్తుల మేడ యెత్తు. ప్రభుత్వ క్వార్టరులోని పండ్రెండడుగుల గదిలో గోడల వెంబడి ఒక చుట్టు పట్టాలు వేసినచో పండ్రెండు మీటర్లు వచ్చును. నలుబదింట ఒకటి వాలున ఆ చుట్టు ముగియునప్పటికి బండి ఎక్కునది 30 సెంటీమీటర్లే. వంపుల సంగతియు నింతే. మన వెడల్పు గేజి దారులలో అనుమతింపబడిన మిక్కిలి వాడియైన వంపు పది డిగ్రీలది, 175 మీటర్ల వ్యాసార్ధము గలది. దానిని 87వ వంతు చేసినను రెండు మీటర్లు. గదిలో అరమీటరు వంపునకే తావు చిక్కుట కష్టము.

కావున నమూనా కట్టువాని మొదటిపని కట్టుట కాదు, విడుచుట. ఏది యుంచవలెను, ఏది తీసివేయవలెను, తీసివేసినదానిని ఎక్కడ దాచవలెను? కొండరైలు నమూనాలు మైదానపు నమూనాలకంటె నమ్మదగినవిగా నుండుటకు రహస్యమిదియే. అసలుదారిలో సొరంగము కొండ అడ్డుపడుటచేత వచ్చినది. బల్లమీద సొరంగము వాడియైన వంపును కంటపడకుండ దాచుటకు వచ్చును. బండి కొండలో దూరి, మనకు కనబడని వలయమున తిరిగి, పైయంతస్తున బయటపడును. చూచువాడు అది యొక క్రోసు నడచినదని నమ్మును. దాచిన దారికి ప్రక్కనో క్రిందనో చేయి దూరునంత తలుపు విడువవలెను. పట్టాలు తప్పిన బండి సొరంగమునందే తప్పును గాని బయట తప్పదు. ఇది అనుభవజ్ఞులందరును ఒప్పుకొను మాట.

వాలు విషయమున మాత్రము మోసము చెల్లదు. ఒక దారిమీదుగా మరియొక దారి దాటవలెనన్నచో నడుమ ఏడున్నర సెంటీమీటర్ల ఎడము కావలెను. నలుబదింట ఒకటి వాలున అంత యెత్తునకు మూడు మీటర్ల పొడవు పట్టును. ముప్పదింట ఒకటి యన్నచో రెండుంబావు మీటర్లు చాలును గాని, బండికి పెట్టెలు తగ్గింపవలెను. వంపున చక్రములు పట్టాకు ఒరసికొని బరువు హెచ్చునుగనుక అచట వాలును మరికొంత తగ్గింపవలెను. పెద్దరైలు ఇంజనీర్లును ఇట్లే చేయుదురు. సమతలమునుండి వాలునకు మారుచోట దారిని ఒక్కసారిగా విరువరాదు. కొంచెము కొంచెముగా లేపకున్నచో కొక్కెములూడి సగము బండి క్రిందనే నిలిచిపోవును. దిగుదారిలో అదుపు తప్పిన బండిని ఇసుక నింపిన ఎక్కుడుదారిలోనికి మరల్చి ఆపు క్యాచ్ సైడింగు ఘాటులకు ప్రత్యేకమైనది. ఒక్క పాయింటు, ఒక మీటరు పట్టా ఖర్చుతో నమూనాకు ఘాటు లక్షణము వచ్చును. ఎందుచేతనో దీనిని చాలమంది మరచెదరు.

ఇక ఏ కొండను కట్టవలెను? స్విట్జర్లండు పెట్టెలో దొరకును. కాని మన బిడ్డలకు మన కొండలున్నవి. గుంతకల్లునుండి బెజవాడకు పోవు దారి నంద్యాల దాటిన పిదప నల్లమల అడవిని చొచ్చును. ధాతసంవత్సరపు కరవు (1876-78) తరువాత, క్షామము సోకిన సీమలకు ధాన్యము చేరవేయుట కుద్దేశింపబడిన దారులలో ఇది యొకటి. బళ్లారి-కృష్ణా స్టేట్ రైల్వే అను పేర 1880లలో మీటరుగేజిగా వేయబడినది. బొగడ సొరంగము, దొరబావి యొద్ద ఎత్తైన ఇనుపవంతెన దీని యలంకారములు. 1990లలో వెడల్పు గేజికి మార్చినపుడు దారి ప్రక్కకు తొలగినది, పాతవంతెనమీద బండ్లు ఆగిపోయినవి. చూడ ముచ్చటయైనది, నిజముగా నడువనిది గనుక, నమూనాయందు నడుపుటకు ఇంతకంటె తగినది నా కెరుకలో లేదు.

రెండవది అనంతగిరి. బైలడిల్ల కొండలలోని ఇనుపరాతిని విశాఖపట్టణము రేవునకు, అచటినుండి జపానుదేశమునకు చేర్చుటకై 1960లో చేపట్టిన కొత్తవలస-కిరండూలు దారి యిది. 1966-67లో తెరవబడినది. పొడవు ఇంచుమించు 445 కిలోమీటర్లు, సొరంగములు 58. అరుకు పోవువారు బొర్రాగుహల వద్ద దిగునది యీ దారిననే. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నుండి, కాశ్మీరదేశమున దారి పడువరకు వెడల్పు గేజి స్టేషన్లలో అత్యున్నతమని ప్రసిద్ధి గాంచినది. 2017లో అద్దపు పైకప్పు గల పెట్టె వచ్చిన తరువాత సందర్శకుల రద్దీ పెరిగినది. దీని నమూనాకు ఖాళీపెట్టెల బండి ఎక్కుచు, నిండుపెట్టెల బండి దిగుచు ఎదురుపడు ఏర్పాటు అత్యవసరము. కిటికీల పెట్టెలు మాత్రమే నడిపినచో దారి యెందుకు పుట్టినదో తెలియదు.

కొలతలలో ఒక చిక్కు కలదు. మన వెడల్పు గేజి 1,676 మిల్లీమీటర్లు. అంగడిలో దొరకు 16.5 మిల్లీమీటర్ల పట్టా దానిలో 87వ వంతు కాదు, 101వ వంతునకు దగ్గర. కావున 87వ వంతు ఇంజనును దానిపై నిలిపినచో కాళ్లు దగ్గరగా పెట్టుకొన్న ఏనుగువలె నుండును. పట్టించుకొననివారికి బాధలేదు. పట్టించుకొనువారికి మార్గము మన గుజరాతునందే యున్నది. గాయక్వాడ్ బరోడా సంస్థానము 1913 ప్రాంతమున డాంగు అడవుల టేకును దింపుటకై బిలిమోరానుండి వఘాయివరకు 63 కిలోమీటర్లు వేసిన చిన్నదారి గేజి 762 మిల్లీమీటర్లు. దానిలో 87వ వంతు ఎనిమిదిముప్పాతిక మిల్లీమీటర్లు. అంగడిలోని 9 మిల్లీమీటర్ల పట్టా దానికి చక్కగా సరిపోవును. చిన్నదారి కనుక వంపులును చిన్నవి, ఇంజనులును పొట్టివి. తావు తక్కువైన యింట మొదట దీనిని కట్టుట మేలు.

కట్టు పద్ధతి క్లుప్తముగా చెప్పెదను. బల్లచెక్కను పరచి దానిపై కొండను మోపువారి కొండ, పళ్లెములో పెట్టిన అన్నపుముద్దవలె నుండును. కొండదారికి చట్రము మాత్రము చాలును. దారి పోవుచోట ప్లైవుడ్ పట్టీని కోసి, గూటముల సాయమున కావలసిన ఎత్తునకు లేపవలెను. నేల దారికి పైకిని పోవలెను, క్రిందికిని దిగవలెను. లోయ కావలసినచోట చట్రమునే దిగువకు దింపవలెను. వంతెనను ముందు కట్టి, దాని కాళ్లకు తగినట్లు లోయను తరువాత చేయుట సులభము. కెన్నెడీగారి 60 అడుగుల దూలము ఈ కొలతలో 21 సెంటీమీటర్లు. అట్టివి నాలుగైనచో తాపీ వంతెనలో ఒక తునక కన్నులకు కట్టును. పట్టాల అతుకులను వంపు నడుమ పెట్టరాదు. పాయింట్లను వంతెనమీదను, సొరంగములోను పెట్టరాదు. పట్టాలపై బండిని నెలదినములు నడిపి చూచి, తప్పులు సవరించిన పిమ్మటనే కంకర పోయవలెను. కంకరకు జల్లించిన నదియిసుక చాలును. కొండకు తీగవల, దానిపై జిగురులో ముంచిన కాగితపు పేలికలు, పైన పలుచగా ప్లాస్టరు. రంగు వేయునపుడు నల్లమల రాయి పలకలుపలకలుగా నుండుననియు, అనంతగిరి మన్ను ఎర్రనిదనియు మరువరాదు.

అమెరికాలో మాంటెరే పట్టణమున జాన్ ఆలెన్ అనునాయన గదినేలనుండి ఎత్తైన కొండలు, లోయలు, వంతెనలు కట్టి, నమూనాకారుల లోకమునందంతట పేరు గాంచెను. 1973 జనవరిలో ఆయన మరణించిన కొలదిదినములకే ఆ యింట నిప్పంటుకొని దాదాపు అంతయు దగ్ధమైనది. ఛాయాచిత్రములే మిగిలినవి. ఆ చిత్రములలో దారి ప్రక్కల మనుష్యులు కనబడుదురు. ప్రయాణికులు, కూలీలు, బిచ్చగాండ్రు.

మనుష్యుల ప్రసక్తి వచ్చినది గనుక, విడిచిపెట్టుటను గూర్చి పైన చెప్పినది ఇచట మరల తడవవలసియున్నది. భోర్‌ఘాటు పనిలో 1861లో ఒకానొకపుడు 42,000 మంది యుండిరి. ఒక్కొక్కరికి భుజముల వెడల్పు మూరెడు చొప్పున లెక్కించి, భుజము భుజము కలిపి వరుసగా నిలిపినచో పండ్రెండు మైళ్లు వత్తురు. దారి పొడవులో ముప్పాతికవంతు. కలరా, జ్వరములు, పేలుళ్లు, కొండచరియలు వారిలో ఎంతమందిని కొనిపోయినవో, వారి పేర్లేమో ఏ ఫలకముమీదను లేదు. ఇంజనీరు పేరున్నది, కంట్రాక్టరు పేరున్నది, ఆయన భార్య పేరును ఉన్నది.

దక్కను రైలుదారుల మట్టిపనియందు తెలుగువారి చేయి చిన్నది కాదు. చెరువుకట్టలు పోయుట, బావులు త్రవ్వుట, రాయి కొట్టుట తరతరములుగా నేర్చిన వడ్డెరలు, గాడిదలతో, ఆలుబిడ్డలతో, పని యున్నచోటికి కదలిపోవుచు, రైలు కట్టుబడి వెంబడి పరరాష్ట్రములకు చేరిరి. మహారాష్ట్రమున వడార్లనబడు వారి యిండ్లలో నేటికిని తెలుగు వినబడును. ఉద్యోగరీత్యా వచ్చి సూరతున తెలుగు సమాజము స్థాపించుకొన్న మనకంటె ముందే, మగ్గము పట్టుకొని వచ్చిన పద్మశాలీలకంటెను ముందే, ఈ పడమటి దేశపు మట్టిలో పార గ్రుచ్చిన తెలుగువారు వారు.

87వ వంతు కొలతలో మనిషి రెండు సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. అంగడిలో దొరకు బొమ్మలు టోపీలు, చేతిసంచులు ధరించినవి. వడ్డెర వాని బొమ్మను చేయువారెవరును లేరు గనుక తీగ వంచి, గుడ్డపీలిక చుట్టి మనమే చేసికొనవలెను. తలపై తట్ట గల స్త్రీ, పార గల పురుషుడు, రెండు గాడిదలు. వారిని కట్ట ప్రక్కన, మట్టి తీసిన గుంట యొద్ద నిలుపవలెను. గుంట చేయునపుడు ఒక సంగతి గమనింపవలెను. కూలి త్రవ్విన ఘనపరిమాణమునుబట్టి యిచ్చుటచేత, గుంట నడుమ త్రవ్వని మట్టిదిమ్మె నొకదానిని కొలతకు సాక్ష్యముగా విడిచెడివారు. మేస్త్రీ వచ్చి దాని యెత్తు కొలిచి లెక్క వ్రాసికొన్న పిదపగాని దానిని పడగొట్టరు. మూడడుగుల గుంటలో ఆ దిమ్మె మన కొలతకు ఒక సెంటీమీటరు. జిగురు కలిపిన మట్టితో చేసి, పైన ఒక గడ్డిపోచ నంటించినచో, పైపొర చెక్కుచెదరలేదని మేస్త్రీకి తెలియుటకు అది చాలును.